సోఫీ షోల్: ఒక విద్యార్థిని జీవితగాథ

నియంతృత్వాన్ని గురించి చదివేటప్పుడు మన దృష్టి సహజంగా నియంత మీదనే నిలుస్తుంది. అతని ప్రసంగాలు, అతని సైన్యాలు, అతని యుద్ధాలు చరిత్ర పుటలను ఆక్రమిస్తాయి. కాని ఒక్క మనిషి కోట్లాది మందిని తన పిడికిట పెట్టుకోగలగటం ఎట్లా సాధ్యమైందనే ప్రశ్నకు సమాధానం ఆ ఒక్క మనిషి జీవితంలో దొరకదు. ఇంటి మీద పార్టీ జెండా కట్టిన గృహస్థు, పొరుగువాని మాటలను పోలీసులకు చేరవేసిన గుమాస్తా, చేయెత్తి వందనం చేసిన ఉపాధ్యాయుడు, చప్పట్లు కొట్టిన విద్యార్థి, వీరందరి జీవితాలలో ఆ సమాధానం ఉంది. ఆ నియంతను ఎదిరించిన కొద్దిమంది కూడా ఆ సామాన్య జనంలో నుంచే వచ్చారు. మొదట చేయెత్తి వందనం చేసి, తరువాత అదే చేతితో ధిక్కార పత్రాలు పంచిన ఒక జర్మన్ విద్యార్థిని కథ ఇది. ఆమె పేరు సోఫీ షోల్. ఇరవై రెండవ పుట్టినరోజు చూడకుండానే ఆమె జీవితం వధ్యస్థానంలో ముగిసింది.

సోఫీ 1921 మే 9వ తేదీన నైరుతి జర్మనీలోని ఫోర్ష్‌టెన్‌బెర్గ్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి రాబర్ట్ షోల్ ఆ ఊరి మేయరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఆయుధం పట్టటానికి ఇష్టపడక, క్షతగాత్రుల సేవాదళంలో పనిచేశారు. తల్లి మాగ్డలేనా వివాహానికి పూర్వం ప్రొటెస్టెంట్ సేవా సంఘంలో నర్సుగా ఉండిన దైవభక్తురాలు. ఇంగే, హాన్స్, ఎలిజబెత్, సోఫీ, వెర్నర్ అని వారికి ఐదుగురు బిడ్డలు. 1930లో తండ్రి పదవి పోవటంతో కుటుంబం లుడ్విగ్స్‌బుర్గ్‌కు, 1932లో డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఉల్మ్ నగరానికి తరలివెళ్ళింది. మహావిజ్ఞాని ఐన్‌స్టీన్ జన్మించిన ఊరు అదే. అక్కడ రాబర్ట్ షోల్ పన్నుల సలహాదారుగా స్థిరపడ్డారు. ఆ ఇంట పుస్తకాలకు, సంగీతానికి, స్వేచ్ఛగా జరిగే చర్చలకు కొదువ లేదు. సోఫీ పియానో నేర్చుకున్నది. చిత్రలేఖనంలో మంచి నేర్పు సంపాదించింది. వాగులన్నా, చెట్లన్నా ప్రాణం పెట్టేది.

ఆ కాలంలో జర్మనీ స్థితి దయనీయంగా ఉండేది. యుద్ధంలో ఓటమి, సంధి షరతుల వల్ల కలిగిన అవమానం, 1923 నాటి ద్రవ్యోల్బణంలో నీరుకారిపోయిన మధ్యతరగతి పొదుపు, 1929 తరువాత ముంచుకొచ్చిన ఆర్థిక మాంద్యం, ఇవన్నీ ప్రజలను కుంగదీశాయి. 1932 నాటికి సుమారు 60 లక్షల మంది నిరుద్యోగులయ్యారు. 1928 ఎన్నికలలో నూటికి మూడు ఓట్లయినా పొందలేని హిట్లర్ పార్టీ 1932 జూలైలో నూటికి 37 పైచిలుకు ఓట్లు సంపాదించింది. 1933 జనవరి 30న హిట్లర్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆ మార్చిలో జరిగిన ఎన్నికలలో, ప్రత్యర్థులను బెదిరించి, జైళ్ళలో పెట్టిన తరువాత కూడా, అతని పార్టీకి నూటికి 44 ఓట్లకు మించి రాలేదు. అనగా జర్మన్ ప్రజలలో అధిక సంఖ్యాకులు అతనిని ఏనాడూ స్వేచ్ఛగా ఎన్నుకొనలేదు. కాని అధికారం చేజిక్కిన కొద్ది నెలలలోనే ఇతర పార్టీలు, కార్మిక సంఘాలు, స్వతంత్ర పత్రికలు మాయమయ్యాయి. ఉద్యోగాలు దొరికినవారు సంతోషించారు. జాతి గౌరవం తిరిగి వచ్చిందని కొందరు పొంగిపోయారు. మనకెందుకులే అని మరికొందరు తలవంచుకుని తమ పని తాము చూసుకున్నారు. ఈ మూడు వర్గాల వారూ కలిసి నియంత సింహాసనానికి మూడు కాళ్ళయినారు.

షోల్ కుటుంబపు పిల్లలు మొదటి వర్గం వారికంటె ఉత్సాహవంతులు. హాన్స్ హిట్లర్ యువజన సంఘంలో చేరి నాయకుడయ్యాడు. 1934లో సోఫీ బాలికల విభాగంలో చేరి, కొంతకాలానికి ఒక చిన్న దళానికి నాయకురాలయింది. అప్పటికి ఆ సంఘంలో చేరటం చట్టరీత్యా నిర్బంధం కాదు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. అడవులలో విడిది, రాత్రివేళ నెగళ్ళ చుట్టూ పాటలు, ఒకే విధమైన దుస్తులు, ఒక మహాకార్యంలో తామూ భాగస్వాములమనే గర్వం, ఇవన్నీ ఆ లేత మనసులను ఆకర్షించాయి. తండ్రికి మాత్రం ఇది ఏమాత్రం రుచించలేదు. హామెలిన్ పట్టణంలో వేణువు ఊది పిల్లలందరినీ వెంట తీసుకుపోయి మాయం చేసిన కథలోని వేణుగానివంటివాడే హిట్లర్ అని ఆయన బిడ్డలను హెచ్చరించేవారు. భోజనాల బల్ల దగ్గర తండ్రికీ కొడుక్కూ వాదోపవాదాలు జరిగేవి. అయినా ఆయన బిడ్డలను బలవంతాన ఆపలేదు. తమ కళ్ళతో తామే చూసి తెలుసుకోవాలని ఆశించారు.

ఆ కనువిప్పు ఒక్కరోజులో కలగలేదు. యూదు కుటుంబంలో పుట్టిన తన సహాధ్యాయినికి సంఘంలో ప్రవేశం ఎందుకు లేదని సోఫీ బాల్యంలోనే అడిగింది; సరియైన జవాబు దొరకలేదు. ఒకసారి సంఘ సమావేశంలో ఏ గ్రంథం చదవాలనే చర్చ వచ్చినప్పుడు ఆమె హైనే కవి పేరు సూచించింది. హైనే యూదుడుగా జన్మించినవాడు కావటంచేత అతని రచనలు అప్పటికే నిషేధానికి గురి అయ్యాయి. తోటివారు విస్తుపోయినా, హైనేను ఎరుగనివారు జర్మన్ సాహిత్యాన్ని ఎరుగనివారేనని ఆమె నిర్భయంగా చెప్పింది. 1935లో హాన్స్ న్యూరెంబర్గ్ మహాసభకు పతాకధారిగా వెళ్ళి, అక్కడి యాంత్రికమైన కవాతులు, అర్థంలేని నినాదాలు చూసి నిరాశతో తిరిగి వచ్చాడు. తరువాత అతడు నిషిద్ధమైన ఒక స్వతంత్ర యువజన బృందంతో సంబంధం పెట్టుకున్నాడు. ఆ కారణంగా 1937 చివర గెస్టాపో పోలీసులు షోల్ ఇంటి మీద పడి పిల్లలను నిర్బంధించారు. పదహారేండ్ల సోఫీని ఆనాడే విడిచిపెట్టినా, ఇంగే, వెర్నర్ కొన్ని రోజులు బందీలయ్యారు. హాన్స్ కొన్ని వారాలు జైలులో ఉన్నాడు. పాటలు పాడుకోవటం, తమకు నచ్చిన పుస్తకాలు చదువుకోవటం కూడా నేరమయ్యే రాజ్యం తమదని ఆ ఇంటి పిల్లలకు అప్పుడు తెలిసివచ్చింది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండుపై దండెత్తింది. సోఫీ స్నేహితుడు ఫ్రిట్జ్ హార్ట్‌నాగెల్ సైన్యంలో అధికారి. మనుషులు నిరంతరం ఇతర మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తూ ఉండటం తనకు అర్థం కావటం లేదని, ఇదంతా మాతృదేశం కోసమని మాత్రం తనతో అనవద్దని ఆమె అతనికి ఉత్తరం రాసింది. తాను ప్రేమించిన వ్యక్తి యుద్ధరంగంలో ఉండగా తన దేశం ఓడిపోవాలని కోరుకోవటం ఎంతటి వేదనో ఊహించవచ్చు. రష్యాలో గడ్డకడుతున్న జర్మన్ సైనికులకోసం ఉన్ని దుస్తులు ఇవ్వవలసిందని 1941-42 శీతకాలంలో ప్రభుత్వం ప్రజలను కోరింది. సోఫీ ఇవ్వటానికి నిరాకరించింది. చలికి చచ్చేది జర్మనులైనా రష్యనులైనా దుఃఖం ఒక్కటేనని, యుద్ధాన్ని పొడిగించే ఏ సహాయమూ తాను చేయనని ఆమె ఫ్రిట్జ్‌తో వాదించింది. మొదట అతడు దిగ్భ్రాంతి చెందినా, తరువాత ఆమె మాటలోని సత్యాన్ని గ్రహించాడు.

1940లో పాఠశాల విద్య ముగించిన సోఫీ, నిర్బంధ శ్రామిక సేవను తప్పించుకోవచ్చుననే ఆశతో ఫ్రోబెల్ పద్ధతిలో శిశు విద్యా శిక్షణ పొందింది. ఆ ఆశ ఫలించలేదు. 1941లో ఆరు నెలలు శ్రామిక శిబిరంలోను, మరి ఆరు నెలలు బ్లూమ్‌బెర్గ్‌లో శిశు విద్యాలయంలోను పనిచేయవలసి వచ్చింది. శిబిరంలోని కఠిన నియమాల మధ్య ఆమె సెయింట్ అగస్టీన్ గ్రంథాలు చదువుకుంటూ అంతరంగాన్ని కాపాడుకున్నది. ఆ సంవత్సరం ఆగస్టులో మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్, మానసిక రోగులను, వికలాంగులను ప్రభుత్వమే రహస్యంగా చంపిస్తున్నదని చర్చి వేదిక మీద నుంచి బహిరంగంగా ఖండించాడు. ఆ ప్రసంగం చేతి ప్రతులుగా దేశమంతటా వ్యాపించింది. షోల్ ఇంటి తపాలా పెట్టెలో కూడా ఒక ప్రతి పడింది. ముద్రణాలయాలన్నీ ప్రభుత్వం గుప్పిట ఉన్నా, ఒక చిన్న కాగితం ఎంత దూరం పోగలదో హాన్స్ అప్పుడు గ్రహించాడు.

సామాన్యుని సహకారం నియంతకు ఎట్లా అందుతుందో ఆ కుటుంబానికి త్వరలోనే స్వానుభవంలో తెలిసింది. గెస్టాపో పేరు వింటే దేశం వణికేది గాని, దాని సిబ్బంది దేశ జనాభాతో పోలిస్తే చాలా స్వల్పం. పొరుగువారు, తోటి ఉద్యోగులు, ఒక్కొక్కప్పుడు బంధువులే అందించే సమాచారం దానికి కళ్ళు, చెవులు. 1942లో రాబర్ట్ షోల్ తన కార్యాలయంలో హిట్లర్‌ను మానవజాతి మీద పడిన దైవశాపంగా వర్ణించారు. ఆ మాట విన్న ఒక ఉద్యోగిని దానిని అధికారులకు చేరవేసింది. ఆయనకు నాలుగు నెలల జైలుశిక్ష పడింది. ఆ వేసవిలో సోఫీ ఉల్మ్‌లోని ఒక ఆయుధ కర్మాగారంలో నిర్బంధంగా పనిచేస్తూ, సాయంకాలం జైలు గోడ దగ్గర నిలబడి, ఆలోచనలకు సంకెళ్ళు లేవనే భావం గల ఒక పాత జానపద గీతాన్ని తండ్రికి వినిపించేటట్లు వేణువు మీద వాయించేదని చెబుతారు.

1942 మే నెలలో సోఫీ మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం, తత్త్వశాస్త్రం చదవటానికి చేరింది. హాన్స్ అక్కడ వైద్య విద్యార్థి. అతని మిత్రులు అలెగ్జాండర్ ష్మోరెల్, క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్, విల్లీ గ్రాఫ్ కూడా వైద్య విద్యార్థులే. తత్త్వశాస్త్రాచార్యుడు కుర్ట్ హూబర్ తరువాత వారితో కలిశాడు. ఆ జూన్, జూలై నెలలలో హాన్స్, అలెగ్జాండర్ కలిసి తెల్ల గులాబి అనే పేరుతో నాలుగు కరపత్రాలు రచించారు. సైక్లోస్టైల్ యంత్రం మీద ఒక్కొక్కటి సుమారు నూరు ప్రతులు తీసి, రచయితలకు, ఆచార్యులకు, ఉపాధ్యాయులకు, వైద్యులకు, దుకాణదారులకు తపాలా ద్వారా పంపారు. పోలండులో మూడు లక్షల యూదుల హత్య జరిగిందని, ఇది మానవ గౌరవానికి వ్యతిరేకంగా జరిగిన ఘోరాపరాధమని, దీనిని చూసి మౌనం వహించే ప్రతివాడూ దోషియేనని ఆ పత్రాలు ప్రకటించాయి. ఆ పత్రాలు అందుకున్నవారు విద్యావంతులు. వారిలో పలువురు వాటిని తీసుకువెళ్ళి పోలీసులకు అప్పగించారు. కొందరు భయంచేత, కొందరు విధేయతచేత అప్పగించి ఉంటారు; ఫలితం మాత్రం ఒక్కటే.

జూలై చివర హాన్స్ ప్రభృతులను వైద్య సేవకై రష్యా యుద్ధరంగానికి పంపారు. అక్కడి దారుణాలు కళ్ళారా చూసి ఆ శరత్కాలంలో వారు మరింత దృఢ సంకల్పంతో తిరిగి వచ్చారు. అప్పటినుండి సోఫీ ఆ పనిలో పూర్తి భాగస్వామిని అయింది. బృందపు డబ్బు లెక్కలు ఆమె చూసేది. ఒకేచోట ఎక్కువ కాగితం, ఎక్కువ తపాలా బిళ్ళలు కొంటే అనుమానం కలుగుతుంది. అందుచేత అంగడి అంగడికీ, తపాలా కార్యాలయం తరువాత తపాలా కార్యాలయానికీ తిరిగి కొద్దికొద్దిగా కొనేవారు. 1943 జనవరిలో జర్మన్ ప్రజలందరినీ ఉద్దేశించిన ఐదవ కరపత్రం వేల సంఖ్యలో తయారయింది. సోఫీ పెట్టెనిండా పత్రాలు పెట్టుకుని రైలులో ఆగ్స్‌బర్గ్, ఉల్మ్ నగరాలకు ప్రయాణం చేసింది. రైలులో తనిఖీ జరిగితే ప్రాణం పోయినట్లే. ఉల్మ్‌లో పాఠశాల విద్యార్థులైన ఇద్దరు ముగ్గురు బాలురు ఒక చర్చిలోని ఆర్గన్ వాద్యం వెనుక దాగి ఆ పత్రాలను కవర్లలో పెట్టి, చిరునామాలు రాసి, స్టూట్‌గార్ట్ నుంచి పంపే ఏర్పాటు చేశారు. దూరదూర నగరాలలో ఒకేసారి పత్రాలు కనబడటంచేత, ఇది ఒక పెద్ద రహస్య సంస్థ పని అని గెస్టాపో భ్రమపడింది.

అదే జనవరి 13న విశ్వవిద్యాలయ 470వ వార్షికోత్సవ సభలో బవేరియా పార్టీ అధినేత గీస్లర్ ప్రసంగిస్తూ, ఆడపిల్లలు చదువు పేరిట కాలం వృథా చేసే బదులు నాయకునికోసం బిడ్డలను కనటం మేలని అవహేళన చేశాడు. విద్యార్థినులు లేచి సభ విడిచి వెళ్ళటానికి ప్రయత్నించారు. వారిని నిర్బంధించగా విద్యార్థులు అడ్డుపడ్డారు. ఫిబ్రవరి మొదట స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయిన వార్త వచ్చింది. జనం మేల్కొంటున్నారని ఆ మిత్రబృందం ఆశించింది. రాత్రివేళ హాన్స్, అలెగ్జాండర్, విల్లీ కలిసి మ్యూనిక్ గోడలమీద స్వాతంత్ర్య నినాదాలు రాశారు. ఆచార్య హూబర్ విద్యార్థులనుద్దేశించి ఆరవ కరపత్రం రచించాడు.

1943 ఫిబ్రవరి 18, గురువారం. ఉదయం పదకొండు గంటలకు కొంచెం ముందు హాన్స్, సోఫీ ఒక పెట్టెతో విశ్వవిద్యాలయ భవనంలో ప్రవేశించారు. తరగతులు జరుగుతున్నాయి. నడవలు నిర్మానుష్యంగా ఉన్నాయి. తరగతి గదుల తలుపుల ముందర, మెట్లమీద, కిటికీలలో పత్రాలు ఉంచి వెలుపలికి వచ్చారు. ఇంకా కొన్ని మిగలగా మళ్ళీ పై అంతస్తుకు వెళ్ళారు. అక్కడి పిట్టగోడమీద ఉంచిన పత్రాల దొంతరను సోఫీ చేతితో తోసింది. అవి మధ్యనున్న విశాలమైన హాలులోనికి రాలిపడ్డాయి. భవన సంరక్షకుడు యాకోబ్ ష్మిడ్ అది చూసి, పరుగున వచ్చి వారిని పట్టుకున్నాడు. తలుపులు మూశారు. గెస్టాపో వచ్చింది. హాన్స్ జేబులో దొరికిన రాతప్రతి వల్ల క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్ కూడా రెండు రోజుల తరువాత పట్టుబడ్డాడు.

విచారణలో సోఫీ మొదట తనకేమీ తెలియదని గట్టిగా నిలబడింది. హాన్స్ నేరాన్ని ఒప్పుకున్నాడని తెలిసిన తరువాత, మిత్రులను రక్షించే ఉద్దేశంతో బాధ్యతనంతటినీ తానూ అన్నగారూ పంచుకునేటట్లు చెప్పింది. అన్నగారి మాట విని అనుసరించానని, తన భావాలు పొరపాటని ఒప్పుకుంటే శిక్ష తగ్గవచ్చునని విచారణాధికారి ఆమెకు ఒక దారి చూపాడు. ఆమె ఆ దారి తొక్కలేదు. తాను చేసినది తన దేశ ప్రజలకు చేయగలిగిన మంచి పని అని, పర్యవసానం అనుభవించటానికి సిద్ధమేనని స్పష్టం చేసింది.

ఫిబ్రవరి 22న ప్రజా న్యాయస్థానాధిపతి రోలాండ్ ఫ్రైస్లర్ బెర్లిన్ నుంచి వచ్చి విచారణ జరిపాడు. పేరుకు అది ప్రజా న్యాయస్థానం. ప్రజలూ లేరు, న్యాయమూ లేదు. వార్త తెలిసి ఉల్మ్ నుంచి పరుగెత్తుకుని వచ్చిన తల్లిదండ్రులు లోపలికి వెళ్ళి బిడ్డల పక్షాన మాట్లాడబోగా వారిని బయటికి నెట్టివేశారు. మధ్యాహ్నానికి ముగ్గురికీ మరణశిక్ష పడింది. స్టాడెల్‌హైమ్ కారాగారంలో తల్లిదండ్రులకు బిడ్డలను కొద్ది నిమిషాలు చూసే అవకాశం దొరికింది. సాయంకాలం ఐదు గంటలకు సోఫీని, ఆమె తరువాత హాన్స్‌ను, క్రిస్టోఫ్‌ను గిలోటిన్ యంత్రంతో వధించారు. సోఫీ వయస్సు 21, హాన్స్ వయస్సు 24. క్రిస్టోఫ్ వయస్సు 23. అతడు ముగ్గురు పసిబిడ్డల తండ్రి.

విద్యార్థులమైన మనం శ్రద్ధగా గమనించవలసిన సంఘటన ఆ సాయంకాలమే జరిగింది. అదే విశ్వవిద్యాలయపు పెద్ద సభామందిరంలో వందలాది విద్యార్థులు సమావేశమై, మరణించినవారిని దేశద్రోహులుగా నిందించి, వారిని పట్టి ఇచ్చిన యాకోబ్ ష్మిడ్‌కు జేజేలు పలికారు. అతడు చేయి చాచి వందనం స్వీకరించాడు. అతనికి మూడు వేల మార్కుల బహుమతి, ఉద్యోగంలో ఉన్నతి లభించాయి. అతడు క్రూరుడని ఎవరూ అనలేదు. నియమాలు పాటించే సామాన్య ఉద్యోగి. తన విధిని తాను నిర్వర్తించానని అతడు యుద్ధానంతర విచారణలో చెప్పుకున్నాడు. న్యాయస్థానం దానిని అంగీకరించక, ఐదేండ్ల శ్రామిక శిక్ష విధించింది. చప్పట్లు కొట్టిన విద్యార్థులను మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

తరువాత ఏప్రిల్ 19న జరిగిన రెండవ విచారణలో ఆచార్య హూబర్, అలెగ్జాండర్, విల్లీ గ్రాఫ్ కూడా మరణశిక్ష పొందారు. షోల్ కుటుంబాన్ని జైలులో పెట్టారు. శత్రుదేశాల రేడియో విన్నారనే అభియోగంపై తండ్రికి మళ్ళీ శిక్ష పడింది. చిన్నవాడైన వెర్నర్ రష్యా యుద్ధరంగంలో 1944లో అదృశ్యమయ్యాడు. కాని ఆ ఆరవ కరపత్రం మాత్రం చావలేదు. ఫాన్ మోల్ట్‌కే అనే మరొక ప్రతిఘటన నాయకుని ద్వారా అది నార్వే మీదుగా ఇంగ్లండు చేరింది. 1943లో బ్రిటిష్ విమానాలు దానిని లక్షల ప్రతులుగా జర్మన్ నగరాలమీద వెదజల్లాయి. పై అంతస్తు నుంచి రాలిన కాగితాలు చివరకు ఆకాశం నుంచి రాలాయి.

సోఫీ ఒంటరి కాదు. 1939 నవంబరు 8న మ్యూనిక్‌లో హిట్లర్ ప్రసంగించే మందిరంలో తాను ఒక్కడే రాత్రిళ్ళు శ్రమించి బాంబు అమర్చిన గేయార్గ్ ఎల్సర్ ఒక వడ్రంగి. హిట్లర్ 13 నిమిషాలు ముందుగా వెళ్ళిపోవటంచేత ఆ ప్రయత్నం విఫలమైంది. పోస్టుకార్డులమీద యుద్ధ వ్యతిరేక వాక్యాలు రాసి బెర్లిన్ మేడమెట్లమీద వదిలిన ఓటో, ఎలీజె హాంపెల్ దంపతులు శ్రామిక కుటుంబీకులు. ఆ కార్డులను చూసినవారిలో అత్యధికులు వాటిని పోలీసులకే అందజేశారు. సోఫీని చంపిన సంవత్సరమే ఆ దంపతులనూ చంపారు. ఇటువంటివారు ఎనిమిది కోట్ల జనాభా గల దేశంలో కొద్దిమంది. వారు నియంతను పడగొట్టలేకపోయారన్నది నిజం. ఆ పని 1945లో విదేశీ సైన్యాలు చేశాయి. అయితే ఎవరికీ ఏమీ తెలియదనీ, తెలిసినా ఎవరూ ఏమీ చేయగలిగేవారు కారనీ యుద్ధానంతరం అనేకులు చెప్పుకున్న సమాధానాన్ని ఈ కొద్దిమంది జీవితాలు నిలవనీయవు. తెలుసుకోవటం ఒక ఇరవైయొక్కేండ్ల విద్యార్థినికి సాధ్యమయింది.

నేడు మ్యూనిక్ విశ్వవిద్యాలయం ఎదుటి ఆవరణకు ఆ అన్నాచెల్లెళ్ళ పేరు పెట్టారు. అక్కడి నేల రాళ్ళలో ఆనాటి కరపత్రాల నమూనాలు పొదిగి ఉన్నాయి. అక్క ఇంగే వారి చరిత్రను 1952లో గ్రంథరూపంలో ప్రకటించింది. ఫ్రైస్లర్ నడిపినది న్యాయస్థానం కాదని, అది నియంత చేతిలోని భయోత్పాత సాధనమని 1985 జనవరి 25న పశ్చిమ జర్మనీ పార్లమెంటు ప్రకటించింది. న్యాయం నలభై రెండేండ్లు ఆలస్యంగా నోరు విప్పింది.

సోఫీ షోల్ పుట్టుకతో వీరవనిత కాదు. మన తరగతిలో మన పక్కన కూర్చుని, బొమ్మలు వేసుకుంటూ, పాటలు పాడుకుంటూ, ఊరేగింపులలో ఉత్సాహంగా నడిచే పిల్లలవంటిదే. ఆమెను వేరుచేసినది ఒక్క గుణం. కళ్ళకు కనబడినదానిని కనబడలేదని తనను తాను నమ్మించుకోవటానికి ఆమె ఒప్పుకోలేదు. మొదట ఒక ప్రశ్న అడిగింది. తరువాత ఒక పుస్తకం పేరు చెప్పింది. ఆ తరువాత ఉన్ని దుస్తులు ఇవ్వనన్నది. చివరకు ఒక కాగితాల దొంతరను చేతితో తోసింది. ఆ చివరి క్షణపు ధైర్యం మొదటి ప్రశ్నలోనే మొలకెత్తింది. ఆనాటి సభామందిరంలో చప్పట్లు కొట్టినవారు కూడా చదువుకున్నవారే, మన వయస్సువారే. విద్యాలయాలు ఈ ఇరువురినీ తయారుచేయగలవు. ఎవరివలె కావాలన్నది మాత్రం పాఠ్యగ్రంథాలు నిర్ణయించవు. ఆ నిర్ణయం మనలో ప్రతి ఒక్కరికీ విడిచిపెట్టబడింది.